సైటేషన్ల లెక్కకు అందేదెంత, అందనిదెంత: ఎల్లాప్రగడ సుబ్బారావు రికార్డు చూపే సంగతులు

ఏటా వానాకాలం ముగిసే వేళకు తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా విశ్వవిద్యాలయం నుంచి ఇంతమంది ఆచార్యులు ‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల’ జాబితాలో చోటు దక్కించుకున్నారన్నది దాని సారాంశం. అందులో సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే మాటలు దొర్లుతాయి గానీ, అవి దేన్ని కొలుస్తాయో, దేన్ని కొలవలేవో ఉండదు. వైద్య కళాశాలల్లో పదోన్నతులు, ప్రాజెక్టు నిధులు, పీహెచ్‌డీకి గైడ్‌ను ఎంచుకోవడం దాకా ఈ అంకెల ప్రభావం ఉంది కాబట్టి, వాటి పనితీరు తెలియకపోతే నష్టపోయేది ఎక్కువగా విద్యార్థులే.

ఈ కొలతల బలాన్నీ బలహీనతనూ ఒకేచోట చూపే రికార్డు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుది (1895–1948). హార్వర్డ్‌లోనూ, 1940 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలోనూ ఆయన చేసిన పని నాలుగైదు రకాలది. ఒక్కో రకం పనితో సైటేషన్ల లెక్క ఒక్కోలా వ్యవహరించింది.

క్లుప్తంగా

ఒక పరిశోధన పత్రాన్ని తర్వాతి పత్రాలు తమ ఆధారాల జాబితాలో చేర్చితే, అలా చేర్చిన ప్రతిసారీ ఒక సైటేషన్. కొలత పద్ధతులను వివరించే పత్రాలకు ఇవి విపరీతంగా వస్తాయి. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిపోయిన ఆవిష్కరణలకు దాదాపు ఆగిపోతాయి. కంపెనీల్లో బృందంగా చేసిన పనిలో ఎవరి వాటా ఎంతో తెలియదు. తెలుగు పేర్లు రాసే తీరు వల్ల ఒకే వ్యక్తి రికార్డు రెండు మూడు ముక్కలవుతుంది. అందుకే మొత్తం అంకెను నమ్ముకోకుండా, పత్రాలను ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి.

1925: పద్ధతికి వచ్చిన పేరు

సైరస్ ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించిన పత్రం ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని వివరిస్తుంది. రక్తం నమూనాలో ముందుగా ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లంతో ప్రొటీన్లను అవక్షేపంగా దించేస్తారు. మిగిలిన ద్రవానికి ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేట్ కాస్తా ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లమవుతుంది. దానికి అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేర్చితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత గాఢమైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. అంతకుముందు బెల్-డాయిజీ పద్ధతి, దానికి బ్రిగ్స్ చేసిన సవరణ వాడుకలో ఉండేవి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో రంగు కొద్ది నిమిషాల్లోనే వస్తుంది, ఇతర పదార్థాల జోక్యమూ తక్కువ. ప్రయోగశాలలు దీనికి మారిపోవడానికి అదే కారణం.

ఈ పత్రానికి పదివేలకు పైగా సైటేషన్లు వచ్చాయి. కారణం దాని గొప్పదనం ఒక్కటే కాదు, పత్రాలు రాసే పద్ధతి కూడా. రక్తంలో ఫాస్ఫేట్ కావచ్చు, ఫాస్ఫోలిపిడ్ కావచ్చు, ఏటీపీని (కణాల్లో శక్తిని మోసే పదార్థం) విడగొట్టే ఎంజైమ్ చురుకుదనం కావచ్చు, ఏదైనా ఒక ఫాస్ఫరస్ అంకెను ప్రచురించేవారు దాన్ని ఎలా కొలిచారో ‘పద్ధతులు’ విభాగంలో చెప్పి తీరాలి. కాలేయం మీద పనిచేసేవారూ, మొక్కల మీద పనిచేసేవారూ, ఎముకల మీద పనిచేసేవారూ ఒకే పత్రాన్ని చూపిస్తారు. ఫాస్ఫేట్ కొలిచిన ప్రతి కొత్త అధ్యయనమూ దానికి ఒక సైటేషన్ అన్నమాట.

ప్రపంచంలో అత్యధికంగా సైటేషన్లు పొందిన పత్రమూ ఈ కోవదే. ప్రొటీన్‌ను కొలిచే పద్ధతి మీద ఆలివర్ లౌరీ బృందం 1951లో అదే జర్నల్‌లో రాసిన పత్రానికి 2014 నాటికి 3 లక్షల పైచిలుకు సైటేషన్లు ఉన్నాయి. అది తన గొప్ప పత్రమేమీ కాదని లౌరీయే ఒప్పుకున్నారు. 2014లో నేచర్ పత్రిక తయారు చేయించిన మొదటి 100 పత్రాల జాబితాలో చేరడానికి 12,119 సైటేషన్లు కావలసి వచ్చింది. డీఎన్ఏ జంట మెలికల నిర్మాణాన్ని ప్రకటించిన 1953 పత్రం ఆ జాబితాలో లేదు. సైటేషన్ అంటే ‘వాడాం’ అనే గుర్తు. ఆ పని ఎంత లోతైనదో అది చెప్పదు.

పద్ధతుల పత్రాలకు ఇంకో దశ ఉంటుంది. 1959లో బార్ట్‌లెట్ ఇదే రసాయన చర్యను సవరించి, క్రోమటోగ్రఫీ చేసేవారికి అనువుగా మలిచారు. లిపిడ్ల మీద పనిచేసేవారి సైటేషన్లు చాలావరకు అటు మళ్లాయి. ఆసుపత్రుల ఆటో అనలైజర్లు వచ్చాక రంగు తెప్పించే మెట్టును వదిలేసి, ఫాస్ఫోమాలిబ్డేట్‌నే 340 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో చదివే పద్ధతి స్థిరపడింది. మాలిబ్డేట్ అలాగే ఉంది, ఉదహరించే పేరు మారింది. ఇప్పటి పత్రాల్లో ఆ చోట తరచుగా కిట్ తయారీదారు పేరే ఉంటుంది. సైటేషన్లు తగ్గాయి కదా అని ఆ పని పాతబడిందనుకోవడం ఇక్కడ పొరపాటే అవుతుంది.

1927, 1929: అందరికీ తెలిసినందువల్ల మాయమైన పేరు

ఈ కొలత పద్ధతే తర్వాతి ఆవిష్కరణకు దారితీసింది. కండరాల నుంచి తీసిన ద్రవంలో నీలిరంగు వెంటనే స్థిరపడకుండా నెమ్మదిగా పెరుగుతూ పోయింది. అంటే ఆమ్లంలో కొద్దికొద్దిగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థమేదో అందులో ఉండాలి. దాన్ని పట్టుకుని ఫిస్కే, సుబ్బారావు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించారు. లండన్‌లో ఎగిల్టన్ దంపతులు దాదాపు అదే సమయంలో అదే పదార్థాన్ని విడిగా గుర్తించారు. 1929లో ఏటీపీ విషయంలోనూ ఇలాగే జరిగింది. జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే-సుబ్బారావు ఒకే ఏడాది ప్రచురించారు.

జీవకణాలు శక్తిని మోసుకెళ్లేది ఏటీపీ రూపంలోనని ఇంటర్మీడియట్ విద్యార్థికీ తెలుసు. ఏటీపీ ప్రస్తావన ఉండే పత్రాలు ఏటా వేలల్లో వస్తాయి. వాటిలో 1929 నాటి పత్రాన్ని ఉదహరించేవి అరుదు. అందరికీ తెలిసిన సంగతికి ఆధారం చూపక్కర్లేదన్న అలవాటే దీనికి మూలం. సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ పరిణామాన్ని వివరించి పేరు పెట్టారు కూడా: ఆవిష్కరణ ఉమ్మడి జ్ఞానంలో కలిసిపోయే కొద్దీ దాని మూలం చెరిగిపోతుంది. మధ్యలో వచ్చే సమీక్షా వ్యాసాలు ఈ పని ఇంకా త్వరగా చేస్తాయి. ఫాస్ఫేట్ బంధాల శక్తి మీద ఫ్రిట్జ్ లిప్‌మన్ 1941లో రాసిన సమీక్ష వచ్చాక, మూల పత్రాల దాకా వెళ్లాల్సిన అవసరం చాలామందికి లేకపోయింది.

దీనికి డేటాబేస్‌ల పరిమితి కూడా తోడైంది. యూజీన్ గార్‌ఫీల్డ్ ప్రారంభించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ 1964లో వచ్చింది. అది మొదట లెక్కించింది 1961 నుంచి వెలువడిన సాహిత్యాన్ని. పాత సంవత్సరాలను చేర్చడం చాలా కాలం తర్వాత జరిగింది. 1930లు, 40లలో ఒక పత్రం ఎంత కదలిక తెచ్చినా తొలి లెక్కల్లో అది సున్నాయే.

అసలు అచ్చుకే ఎక్కనిదాన్ని ఏ లెక్కా పట్టుకోలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు అప్పట్లో వెలుగు చూడలేదనీ, తర్వాత ఇతరులు వాటిని మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందనీ 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు. హిచింగ్స్ అదే హార్వర్డ్ విభాగంలో పనిచేసినవారు కాబట్టి ఈ మాటకు బరువుంది.

లెడర్లీ కాలం: పదహారు పేర్లలో ఒకటి

ఫోలిక్ ఆమ్లం (ఒక బి విటమిన్) నిర్మాణాన్ని, సంశ్లేషణను పూర్తిగా వెల్లడించిన పత్రం 1946లో సైన్స్ పత్రికలో వచ్చింది. దాని మీద 16 పేర్లున్నాయి. లెడర్లీ వారు ఎనిమిది మంది, మాతృసంస్థ అమెరికన్ సైనమిడ్‌కు చెందిన కాల్కో రసాయన విభాగం వారు ఎనిమిది మంది, ఏ గుంపుకు ఆ గుంపు అక్షరక్రమంలో. ఆంజియర్ పేరు మొదట ఉన్నది ‘ఏ’ అక్షరంతో మొదలైనందుకు, స్మిత్ పేరు చివర ఉన్నది ‘ఎస్’తో మొదలైనందుకు. పరిశోధనను నడిపించిన సుబ్బారావు మధ్యలో ఏడో పేరు.

ఇవాళ్టి జీవవైద్య పత్రాల్లో మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాల అధిపతిది అనేది అలవాటు. పేరు ఎక్కడుందో చూసే ర్యాంకుల సూత్రాలు ఈ అలవాటు మీదే కట్టినవి. ఆ సూత్రాన్ని 1946 నాటి పత్రానికి వర్తింపజేస్తే సుబ్బారావుకు మిగిలేది ఏమీ ఉండదు. అదే 1925 పత్రంలో ఉన్నవి రెండే పేర్లు, రెండోది ఆయనదే. కాబట్టి సూత్రం ఆయనను ‘చివరి రచయిత’గా, అంటే ప్రయోగశాల పెద్దగా లెక్కిస్తుంది. నిజానికి అప్పుడు ఆయన విద్యార్థి, పీహెచ్‌డీ వచ్చింది 1930లో. రెండుచోట్లా యంత్రం తప్పే చెబుతుంది, తలో దిక్కుకు.

ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్ రసాయనాన్ని 1947లో సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ ప్రచురించారు. 1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, తీవ్ర లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు దాన్నిచ్చి 10 మందిలో తాత్కాలిక ఉపశమనం కనిపించిందని రాశారు. క్యాన్సర్ కీమోథెరపీ చరిత్రలో మూలస్తంభంలాంటి పత్రమది. ఆ మందు వచ్చింది సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుంచే అయినా రచయితల్లో ఆయన లేరు. అదే ఏడాది ఆరియోమైసిన్ యాంటీబయాటిక్‌ను ప్రకటించిన పత్రం బెంజమిన్ డగ్గర్ ఒక్కరి పేరుతో వచ్చింది. అదీ లెడర్లీలో జరిగిన పనే.

బోదకాలు మందు డైఇథైల్ కార్బమజీన్ సంగతి వేరు. 1947 నాటి పత్రంలో హెవిట్, కుష్నర్ తదితరుల తర్వాత చివరి పేరు సుబ్బారావుదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర ఇదే. కోట్ల మంది మింగిన ఆ మాత్రల వల్ల 1947 పత్రానికి ఒక్క సైటేషన్ కూడా పెరగదు. పరిశోధన ప్రభావం అనే మాటకు మామూలు మనుషులు చెప్పుకునే అర్థం, డేటాబేస్ ఇచ్చే అర్థం ఇంత దూరంగా ఉన్నాయి.

హెచ్-ఇండెక్స్ ఏం చేస్తుంది

భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన కొలత ఇది. పత్రాలను సైటేషన్ల ప్రకారం పెద్ద నుంచి చిన్నకు పేర్చాలి. వరుసలో ఎన్నో పత్రం దాకా కనీసం అన్నేసి సైటేషన్లు ఉన్నాయో ఆ అంకే హెచ్-ఇండెక్స్. ఒకరికి 120, 40, 22, 15, 9, 7, 6, 3, 1, 0 సైటేషన్లున్న పది పత్రాలున్నాయనుకుందాం. ఆరో పత్రానికి 7 ఉన్నాయి, అంటే కనీసం 6. ఏడో పత్రానికి 6 మాత్రమే, 7కు తక్కువ. కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. ఇప్పుడు మొదటి పత్రానికి 120 బదులు 12,000 వచ్చినా ఇది 6 దగ్గరే ఉంటుంది. ఒక అసాధారణ పత్రం విలువను ఈ కొలత పూర్తిగా మింగేస్తుంది. మధ్యరకం పత్రాలను క్రమం తప్పకుండా రాసేవారికి ఇది అనుకూలం. వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు కాబట్టి, 53 ఏళ్లకే మరణించినవారిని 75 ఏళ్ల దాకా రాసినవారితో పోల్చడానికి పనికిరాదు.

ఒకే వ్యక్తికి మూడుచోట్ల మూడు హెచ్-ఇండెక్స్‌లు ఉండటం చాలామందిని కంగారు పెడుతుంది. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలు, ప్రీప్రింట్లు, సంస్థల సైట్లలో పెట్టిన ఫైళ్లను కూడా లెక్కిస్తుంది, కాబట్టి అక్కడ అంకె పెద్దది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ తాము ఎంచుకున్న జర్నళ్లనే చూస్తాయి. ఎక్కడి అంకెయో చెప్పని హెచ్-ఇండెక్స్‌ను పోలికకు వాడకూడదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వ్యక్తిది కాదు, పత్రానిది కూడా కాదు, జర్నల్‌ది. 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే 2022, 2023లలో ఆ జర్నల్ ప్రచురించిన వాటికి 2024లో వచ్చిన సైటేషన్లను, ఆ రెండేళ్ల పరిశోధన పత్రాలు, సమీక్షల సంఖ్యతో భాగించగా వచ్చే సగటు. ఒక్క పత్రం ఈ సగటును ఎంత వంచగలదో ఆక్టా క్రిస్టలోగ్రాఫికా-ఏ చూపింది. ఒక సాఫ్ట్‌వేర్ మీద 2008లో వచ్చిన వ్యాసాన్ని ప్రపంచమంతా ఉదహరించడంతో దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2 నుంచి దాదాపు 50కి ఎగబాకింది. ఆ ఏడాది అందులో రాసిన మిగతావారి పత్రాలు రాత్రికి రాత్రి గొప్పవి కాలేదు. ఈ కారణంగానే జర్నల్ సగటుతో వ్యక్తులను తూచవద్దని 2012 నాటి శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన కోరింది.

తెలుగు పేర్ల చిక్కు

‘సుబ్బారావు వై’ అని డేటాబేస్‌లో ఉన్నచోట ‘వై’ అంటే ఎల్లాప్రగడ, అది ఇంటిపేరు. ఇండెక్స్ మాత్రం సుబ్బారావును ఇంటిపేరుగా, ‘వై’ని సొంత పేరు పొడి అక్షరంగా చదివింది. దానికి తోడు ఆయన పేరు ఒకచోట కలిపి, ఇంకోచోట మధ్యలో పెద్ద అక్షరంతో, మరోచోట రెండు మాటలుగా విడదీసి కనిపిస్తుంది. ఒక రూపంతో వెతికితే మిగతా రూపాల్లోని పత్రాలు దొరకవు.

ఇప్పటి పరిశోధకులకు ఇది ఇంకా పెద్ద సమస్య. పాస్‌పోర్టులో పేరును విడదీసినప్పుడు రావు, రెడ్డి, కుమార్ వంటివి ‘చివరి పేరు’ అవుతాయి. ఉస్మానియాలో ఎంఎస్సీ చేసినప్పుడు ఒక రూపం, అమెరికాలో పోస్ట్‌డాక్ నాటికి మరో రూపం, పెళ్లి తర్వాత ఇంకో రూపం. మరోవైపు, ‘రావు ఎస్’ కింద ఏ సంబంధమూ లేని వందల మంది పత్రాలు ఒకచోట చేరతాయి. రికార్డు ఒకరికి విరుగుతుంది, మరొకరికి ఉబ్బుతుంది.

ఒక్కో పరిశోధకుడికి ఒక్కటే ఉండేలా 2012 అక్టోబరులో మొదలైన ఆర్కిడ్ సంఖ్య దీనికి మంచి మందు. 16 అంకెల ఈ ఉచిత గుర్తింపును మొదటి పత్రం పంపేముందే తీసుకోవాలి. పేరు రూపాన్ని ఒకటే ఖాయం చేసుకుని, పాత రూపాలన్నింటినీ ఆర్కిడ్‌లో ‘ఇతర పేర్లు’ కింద రాయాలి. స్కోపస్‌లో ఒకే వ్యక్తికి రెండు మూడు ఖాతాలు తయారై ఉంటే విలీనం చేయమని అభ్యర్థన పంపవచ్చు. ఇతరుల పత్రాలు వచ్చి చేరితే తీయించే బాధ్యత కూడా ఆ వ్యక్తిదే.

2 శాతం జాబితా అసలు ఏమిటి

స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ అయోనిడిస్, సహ రచయితలు స్కోపస్ డేటాతో దీన్ని తయారుచేస్తారు. ఇది పురస్కారం కాదు. దరఖాస్తులు ఉండవు, ఎవరూ ఎంపిక చేయరు. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, రచయితల సంఖ్యను బట్టి సవరించిన హెచ్‌ఎం-ఇండెక్స్, ఒక్కరే రాసిన పత్రాల సైటేషన్లు, వాటికి మొదటి పేరున్నవి కలిపితే వచ్చేవి, వాటికి చివరి పేరున్నవి కూడా కలిపితే వచ్చేవి, ఈ ఆరింటిని జతచేసిన స్కోరు ఆధారం. అన్ని రంగాల్లో కలిపి మొదటి లక్ష మంది, లేదా తమ ఉపరంగంలో పైనున్న 2 శాతం మంది ఇందులో ఉంటారు.

వార్తల్లో సాధారణంగా కలగలిసిపోయేది ఒకటుంది. జాబితాలు రెండు: మొత్తం వృత్తి జీవితానిది ఒకటి, ఒక్క ఏడాదిలో వచ్చిన సైటేషన్లది ఇంకొకటి. రెండో దానిలో చేరడం చాలా తేలిక, ఒక్క సమీక్షా వ్యాసం బాగా పారినా చాలు. సొంత సైటేషన్లు తీసేసిన స్థానం కూడా పక్క నిలువు వరుసలో ఉంటుంది. రెండు స్థానాల మధ్య తేడా మరీ ఎక్కువైతే ఆగి చూడాలి. ఇటీవలి సంచికల్లో ఉపసంహరించిన పత్రాల సంఖ్య కూడా చేర్చారు.

రికార్డును చదివే క్రమం

మొదట ఆర్కిడ్ సాయంతో పత్రాలన్నీ ఆ వ్యక్తివేనని నిర్ధారించుకోవాలి. తర్వాత అత్యధిక సైటేషన్లున్న ఐదు పత్రాలను తీసుకుని, ఏది ఏ రకమో రాసుకోవాలి: సొంత ప్రయోగమా, పద్ధతా, సమీక్షా, చికిత్సా మార్గదర్శకమా, లేక వందల మంది పేర్లున్న అంతర్జాతీయ అధ్యయనమా. లాన్సెట్‌లో వచ్చే ప్రపంచ వ్యాధిభారం అధ్యయనాల్లాంటి వాటిలో వందల రచయితల్లో ఒకరైనా సైటేషన్లు పూర్తిగా జమ అవుతాయి. వాటిని పక్కనపెడితే ఏం మిగిలిందో అదే ఆ వ్యక్తి పనికి దగ్గరగా ఉంటుంది.

ఆ తర్వాతి మెట్టుకే ఎక్కువ సమయం ఇవ్వాలి. ఒక ముఖ్య పత్రాన్ని ఉదహరించిన 20 పత్రాలు తెరిచి, ఆ వాక్యాన్ని చదవాలి. ఉపోద్ఘాతంలో పది పేర్ల మధ్య మొక్కుబడిగా ఉందా, పద్ధతుల్లో ఉందా, ఫలితాన్ని పరీక్షించి నిలబెట్టారా, తప్పని తేల్చారా? ఖండన కూడా లెక్కలో ఒక సైటేషనే. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ పత్రాన్ని 2010లో పూర్తిగా ఉపసంహరించారు. అయినా దాని సైటేషన్లు పెరుగుతూనే వచ్చాయి, చాలావరకు తప్పు అని చెప్పడానికే.

పోలిక ఎప్పుడూ అదే రంగం, అదే సంవత్సరంతోనే జరగాలి. ఇమ్యునాలజీలో వేగంగా సైటేషన్లు వస్తాయి, అనాటమీలో నెమ్మది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఉచిత సాధనం ఐసైట్‌లో పబ్‌మెడ్ (వైద్య పత్రాల డేటాబేస్) సంఖ్యలు అతికిస్తే ప్రతి పత్రానికీ సాపేక్ష నిష్పత్తి ఇస్తుంది. 1.0 అంటే ఆ సంస్థల నిధులతో అదే రంగంలో వచ్చిన పత్రాల మధ్యస్థ స్థాయి. ఆ పత్రాన్ని క్లినికల్ వ్యాసాలు ఎన్ని ఉదహరించాయో కూడా విడిగా చూపిస్తుంది.

‘పబ్‌మెడ్‌లో ఉంది’ అనేది నాణ్యతకు ముద్ర కాదు. పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఫైలు జమచేసినా అక్కడ కనిపిస్తుంది. పబ్‌మెడ్‌లో ఎంపిక చేసిన జర్నళ్ల భాగమైన మెడ్‌లైన్‌లో ఉందా లేదా అన్నది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం క్యాటలాగ్‌లో జర్నల్ పేరుతో వెతికి తెలుసుకోవాలి. ఈమెయిల్‌లో వచ్చే ఆహ్వానాలు చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు కూడా ఒక పరీక్ష ఉంది. 2023 జూన్ నుంచి అసలైన దాన్ని ఒకే దశాంశ స్థానంతో ప్రకటిస్తున్నారు. కొత్త ఏడాది అంకె మూడు దశాంశాలతో కనిపిస్తే అనుమానించాలి. ఉపసంహరణల కోసం రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ ఉంది. 2023లో పత్రాలకు గుర్తింపు సంఖ్యలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్ దాన్ని తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది.

చివరగా కృతజ్ఞతల పేరా, పద్ధతుల్లో ‘మందు ఎక్కడిది’ అనే వాక్యం. మందును తయారుచేసి ఇచ్చినవారు, ప్రయోగ జంతువులను పంపినవారు, గణాంకాలు సరిచూసినవారు అక్కడ ఉంటారు. ఏ సైటేషన్ సూచీ ఆ పేర్లను లెక్కించదు. పదోన్నతి కమిటీలు, ఇంటర్వ్యూ బోర్డులు అభ్యర్థి ఐదు పత్రాలను ఆ పేరా దాకా చదవడానికి ఒక పూట కేటాయించగలవు. అంకెల పట్టిక ఇవ్వలేని సమాచారం చాలావరకు ఆ పూటలోనే దొరుకుతుంది.